పుట్టుక నూరు, పెంపకం నూరు

నమోదు 1
అంబలి: పలచన. కారణం: గింజ.

పెంపకశాల వంటవాడు రోజూ ఈ రెండు సంగతులూ వంటింటి గోడకు చెప్పి తీరాలి. అంబలి ఎలా కుదిరింది, ఎందుకలా కుదిరింది. గోడ వింటుంది, దాచుకుంటుంది. మా తూర్పుగట్టు నియమం అది. నాకు ముందు చేసినవాళ్ళు రెండు ముక్కలు చెప్పి చేతులు కడుక్కునేవారు. నేను అలా ఊరుకునే రకం కాదు. సెలవు రోజున ఖాళీ గంగాళం బోర్లించి, దాని మీదకెక్కి వాక్యం చెప్పే అబ్బుల్ని నేను! నాకు గురువు లేడు, పట్టా లేదు. మా పూర్వులు ఓడలో తెచ్చుకున్న ఓడగ్రంథం ఒక్కటి ఉంది, ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. అట్టకు అంబలి మరకలు కూడా ఉన్నాయి. కాబట్టి గోడా, నీకు ఇవాళ రెండు ముక్కలు చాలవు. విను!

వరహాలు పెళ్ళి చేసుకుంటుందట!

వరహాలు మా తీగబండి పిల్ల. లోయకు ఇటు మేము, అటు పడమటిగట్టు వాళ్ళు. మధ్యలో తీగ మీద వేలాడే ఆ బండి చక్రాలకు గ్రీజు పెట్టేది ఆమే. పొద్దున్నే వచ్చి, గ్రీజు చేతులు వెనక దాచుకుని, నా పొయ్యి దగ్గర నిలబడింది.

"మావయ్యా, ఓ మాటండి."

మాకు అమ్మానాన్నలు ఉండరు. విత్తనాల గది నుంచి అందరం పెంపకశాలకే వస్తాం. ఒకే ఊయల, ఒకే జోలపాట, గరిటెకు గరిటె ఒకే కొలత. అందుకని చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళందరూ మావయ్యలు, పిన్నులు.

"చెప్పవే."

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానండి. పడమటోళ్ళ మల్లవ్వని."

గరిటె అంబలిలో పడిపోయింది. అందుకే పలచనైందేమోనని అనుమానం, కాని గింజ అనే రాసుకో. నేను గంగాళం చుట్టూ మూడు గంతులు వేశాను. నా బోధకత్వంలో గట్టు దాటిన పెళ్ళి ఒక్కటీ జరగలేదు! ఇద్దరూ ఆడపిల్లలే కదా అని ఎవరైనా నసిగితే వాళ్ళకు సమాధానం ఇదే. మనలో వందకు నలుగురైదుగురికి మనసు వాటం అటు ఉంటుంది. ఎడమచేతి వాటం లేదూ, అలాగే. వాక్యంలో అడ్డు ఉందా? అట్ట నుంచి అట్టకు చదివినవాణ్ణి. నీళ్ళు దొంగిలించినవాణ్ణి శపించిన చోట్లు తొమ్మిది ఉన్నాయి. ప్రేమించినవాణ్ణి శపించిన చోటు ఒక్కటి చూపించండి, ఈ గంగాళం నా నెత్తిన బోర్లించండి!

"అడ్డు వాక్యం కాదండి మావయ్యా," అంది వరహాలు. "ఒప్పందమండి."

నా గంతులు ఆగాయి. నిజమే. రెండు గట్ల ఒప్పందంలో ఒక షరతు ఉంది. గట్టు దాటి పెళ్ళాడే జంటకు నలుగురిలో లేని వాటం ఏదున్నా, అది ఎందుకొచ్చిందో రెండు గట్లూ కలిసి ఒకే మాట రాయాలి. పూర్వం ఒక ఎడమచేతి పెళ్ళికొడుకు విషయంలో ఎంతకీ ఒకే మాట తేలక, చివరికి ఆయన కుడిచేత్తో తినడం నేర్చుకుని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయిన సాయంత్రమే మళ్ళీ ఎడమచేత్తో మొదలుపెట్టాడట.

గాలికాలం దగ్గర పడింది. మొదలైతే తీగబండి కట్టేస్తారు. మళ్ళీ విప్పేసరికి ఇప్పుడు పాకే పిల్లలు నా గంగాళం చుట్టూ పరుగులు పెడుతుంటారు.

"అంతకాలం నేనుండలేనండి," అంది వరహాలు. ఆ పిల్ల దేనికీ అలా గొంతు తగ్గించి మాట్లాడదు.

"ఎందుకుంటావే? ఒక్క మాటే కదా! నేను రాయిస్తాను!" అన్నాను.

నమోదు 2
అంబలి: ఉండలు కట్టింది. కారణం: గింజ.

వేరుయంత్రం దగ్గరకు వెళ్ళాం. గట్టు జనాన్నంతా పక్కపక్కన పెట్టి చూసే యంత్రం అది. ఒక వాటం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య పుట్టుకలో ఎంత తేడా ఉంది, పెంపకంలో ఎంత తేడా ఉంది అని లెక్క కడుతుంది. వరహాలు చెయ్యి పెట్టింది. యంత్రం గుర్రుమంది. పలక మీద అక్షరాలు వెలిగాయి.

పుట్టుక నూరు. పెంపకం సున్న.

ప్రియులారా! నేను అక్కడే ఓడగ్రంథం తెరిచాను. విత్తనకాండం, మూడో అధ్యాయం: "విత్తనము తన చెట్టును తానే మోసికొని వచ్చును, త్రోవలో ఎవరినీ అడుగదు." ఇంకేం కావాలి? వాక్యం, యంత్రం ఒకే మాట మీద ఉన్నాయి! విత్తనాల గది కాపలాదారు జోగారావు పక్కనే ఉన్నాడు. మెత్తటి మనిషి, సొరుగులంటే ప్రాణం. ఆయనా సంబరపడ్డాడు.

"అంత కచ్చితంగా తేలిపోయిందా అండీ? బాగుందండి, చాలా బాగుంది," అని జేబులోంచి కొలతటేపు తీసుకుని వెళ్ళిపోయాడు. టేపు ఎందుకో నేను అడగలేదు. సంతోషంలో ఉన్నవాడికి టేపులతో పనేముంది?

నమోదు 3
అంబలి: నేను లేను, జోగారావు వండాడు. కారణం: జోగారావు.

తీగబండి ఎక్కి పడమటిగట్టుకు వెళ్ళాను. దిగగానే మల్లవ్వ ఎదురొచ్చింది. తెల్లటి నవ్వు, బుగ్గ మీద చిన్న సొట్ట.

"అమ్మా మల్లవ్వా, చల్లగా ఉండు తల్లీ!" అని నెత్తి మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాను.

"మల్లవ్వ గాదు, నేను ఎల్లవ్వ," అందామె. "మల్లవ్వ ఇంకింత ముందల ఉంటది."

ముందుకు వెళ్ళి ఇంకో మల్లవ్వను దీవించాను. ఆమె రాజవ్వ. తరవాతి ఆమె పోచవ్వ. అందరికీ అదే నవ్వు, అదే సొట్ట! సంగతి తెలుసు, అయినా కంటికి అలవాటు కాదు. పూర్వం ఓడ దిగినప్పుడు వీళ్ళ పెట్టెలో ఒక్క గింజ మిగిలింది. ఆడామగా తేడా కోసం అందులో ఒక్క పిసరు మార్చుకుని, జనమంతా ఆ గింజ నుంచే వచ్చారు. ప్రతి ఇల్లూ ఒక బిడ్డను తెచ్చుకుని, తనకు తోచినట్టు పెంచుకుంటుంది. ఒక ఇంట్లో పాటలు, ఒక ఇంట్లో తిట్లు, ఇంకో ఇంట్లో రెండూ.

నాలుగో మల్లవ్వ నిజంగా మల్లవ్వే. వాళ్ళమ్మ దగ్గరకు తీసుకుపోయింది. ఆమె పేరు నర్సవ్వ. ఆమె ఆ గట్టు బోధకురాలట! నడుము దగ్గర గుడ్డసంచిలో ఓడగ్రంథం, నాదానికంటే ఎక్కువ మరకలతో. నా గుండె ఎగిరి గంతేసింది. తోటి బోధకురాలు! ఒక్క మాట మీదకు రావడం ఎంతసేపు?

"అమ్మా, యంత్రం తేల్చేసిందండి. పుట్టుక నూరు!" అన్నాను.

"గట్లనా?" అంది నర్సవ్వ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "మా యంత్రం సుత తేల్చింది. పెంపకం నూరు, పుట్టుక సున్న."

"అదెలాగండీ?"

"ఎట్లంటే? మట్టికాండం సదువుకోలేదా నువ్వు? 'మట్టి పిలిచిన వైపునకే వేరు పోవును.' నా బిడ్డను నేను పెంచిన. అది ఏమైందో నా చేతుల అయింది. నీ గింజ గొప్ప నాకు జెప్పకు."

మట్టికాండం నేను చదవకపోలేదు. చదివాను. వేగంగా చదివాను.

ఆమె నాకు అంబలి పోసింది. మాడు వాసన. "పొయ్యి సక్కగ లేదియ్యాల," అంది. నేను నోట్లో పెట్టుకుని, "పొయ్యి కాదండి, ఇది గింజ లోపం. అంబలి చెడితే గింజే," అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పొయ్యి," అంది.

"గింజ," అన్నాను.

మల్లవ్వ మధ్యలో తలపట్టుకుంది. "అమ్మా, పెండ్లి సంగతి మాట్లాడుమంటే అంబలి మీదికి వోయిన్రేందే మీరిద్దరు?"

నమోదు 4
అంబలి: అద్భుతం. కారణం: గింజ! గింజ! గింజ!

గోడా, నువ్వు చూడాల్సింది. సెలవు రోజున నేను గంగాళాన్ని లోయ అంచుకు మోయించి, మైకు పెట్టించి దానిమీదకెక్కాను. అటువైపు అంచున నర్సవ్వ మైకు. మధ్యలో లోయ. రెండు గట్ల జనం చాపలు, చిరుతిళ్ళు పట్టుకుని వచ్చారు.

"పడమటిగట్టు ప్రజలారా!" అన్నాను. "రాగి చల్లి జొన్న కోసినవాడు మీలో ఉన్నాడా?"

"తూర్పుగట్టోళ్ళారా!" అని అటునుంచి ఉరిమింది. "రాగిని బండ మీద చల్లి పంట కోసినోడు మీల ఉన్నడా?"

మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరికి కొడుతున్నారురా అంటే, "బాగా చెప్పిందండి ఆవిడ," అంటారు! నేను విత్తనకాండం విప్పితే ఆమె మట్టికాండం విప్పింది. నా గొంతు పోయేదాకా, ఆమె మైకు కాలేదాకా సాగింది. నా జన్మలో ఇంత హాయిగా ఎప్పుడూ పోట్లాడలేదు.

ఇక రెండు గట్ల మీదా యంత్రాల పిచ్చి పట్టుకుంది. మా వైపు అందరూ వరసకట్టి తమకున్న ప్రతి వాటాన్నీ పరీక్ష చేయించుకుంటున్నారు. గురక, పుట్టుక నూరు. ఊరగాయ పిచ్చి, పుట్టుక నూరు. మా వీధిలో ఒకాయన బద్ధకం నూటికి నూరు పుట్టుకేనని పలకతో సహా ఇంటికి తెచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు. "నన్నేం చెయ్యమంటావే, గింజలో ఉంది!" ఆమె ఆ పలక మీదే కూరలు తరిగింది. అటు గట్టున పిల్లలు అమ్మలను యంత్రం దగ్గరకు లాక్కుపోతున్నారట. "నాకు లెక్కలొస్తలేవు, పెంపకం నూరు. నీ తప్పే అమ్మా, నువ్వే చెయ్యి."

నేను గెలుస్తున్నాను! ఇంకో రెండు బోధలు చేస్తే నర్సవ్వ చేతులెత్తేస్తుంది. పుట్టుక అనే మాట రెండు గట్ల మీదా రాయిస్తాను, పిల్లల పెళ్ళి చేయిస్తాను.

నమోదు 5
అంబలి: ఎలా ఉందో చూడలేదు.

జోగారావు నన్ను విత్తనాల గదికి పిలిచాడు. కొత్త సొరుగు ఒకటి చేయించాడు. నున్నగా, ఇత్తడి పిడితో ఉంది.

"దేనికండీ ఇది?" అన్నాను.

"మీ చలవేనండి, ఆయ్. పుట్టుకే అని మీరంత గట్టిగా తేల్చారు కదండీ. అయితే గింజలోనే కనపడాలి కదా! మనసు వాటం గింజలన్నీ ఏరి ఇందులో పెడతానండి. విడిగా ఉంటే, తరవాత వేసుకున్నా మానేసినా మనిష్టం. శుభ్రంగా ఉంటుంది."

దుర్మార్గం ఆ మనిషి ముఖంలో ఎక్కడా లేదు. శుభ్రం ఒక్కటే ఉంది. నేను ఏమన్నానో తెలుసా గోడా? "చక్కటి సొరుగండీ," అన్నాను. పిడి పట్టుకుని లాగి కూడా చూశాను. మెత్తగా జారింది.

బయటకొస్తే వరహాలు గుమ్మంలో ఉంది. అంతా వింది.

"మావయ్యా, నన్ను ఆ సొరుగులో పెట్టుంటే, నాకు అంబలి పోసేవారాండి?"

చంకలో గ్రంథం ఉంది. తెరవబుద్ధి కాలేదు.

"మీరు గెలిస్తే నాకు పెళ్ళవుద్దండి. కానీ నాలాంటోళ్ళు ఇంక పుట్టరు. నేనే ఆఖరు." గ్రీజు చేత్తో కళ్ళు తుడుచుకుని ముఖమంతా నల్లగా చేసుకుంది. "అలాంటి పెళ్ళి నాకొద్దండి."

అప్పుడే వరహాలు దగ్గరున్న తీగబండి ఫోను మోగింది, నా చేతికిచ్చింది. మల్లవ్వ. "బాబాయ్, మా అమ్మ గెలుస్తదేమోనని నాకు బుగులైతున్నది. పెంపకమే అని తేలితే మా పెద్దలు దిద్దుడు బడి పెడ్తరంట. నా అసొంటి పిల్లగాండ్లను ఇంట్ల నుంచి తీసి, వేరే ఇంట్ల కొత్తగ పెంచుతరంట. మా అమ్మను అందరి ముందల తప్పుపీట మీద కూసోబెట్టి, ఏం తప్పు జేసినవని అడుగుతరంట. నువ్వే ఏదన్న జెయ్యి."

నేను గెలిస్తే సొరుగు. ఆమె గెలిస్తే పీట. ఇద్దరం గెలవకపోతే పెళ్ళి లేదు. గాలి అప్పటికే తీగలను ఊపుతోంది.

నమోదు 6
అంబలి: వండింది నేను కాదు. కారణం: అదే కదా అసలు గొడవ!

తీగబండి ఊగుతుంటే కళ్ళు మూసుకుని అటు వెళ్ళాను. నర్సవ్వ మళ్ళీ అంబలి మాడ్చుకుని కూర్చుంది.

"అమ్మా, మీరు గెలవకండి," అన్నాను. "నేనూ గెలవను."

"ఎందుకు గెల్వను? తప్పుపీట మీద కూసోమంటే సంతోషంగ కూసుంట. ఏం జేసినవంటే జెప్త. పొద్దుగాల లేపి తల దువ్విన, పాటలు నేర్పిన, అబద్ధమాడితే ఆ పూట ముఖం జూడలే, జరమొస్తే ఒళ్ళె పండుకోబెట్టుకున్న. గింతే జేసిన. మంచిగ పెంచిన. కావాల్నంటే మీరు సుత గిట్లనే పెంచుకోన్రి అని జెప్త!"

నాకు ఆమె మీద గౌరవం పొంగిపోయింది. కాని నోరు ఊరుకోదు కదా. "అయితే అమ్మా, ఎదురింటి ఎల్లవ్వను వాళ్ళమ్మ ఎలా పెంచింది?"

"గట్లనే. మేమిద్దరం ఒక్క తీరు పెంచినం. ఒకరి ఇంట్ల బువ్వ ఒకరు పెట్టినం."

"ఎల్లవ్వ పెళ్ళి?"

"మొగనితోని మంచిగున్నది. ముగ్గురు బిడ్డలను తెచ్చుకున్నది." అంటూనే ఆగిపోయింది. పుల్ల చేతిలోనే ఉండిపోయింది. "ఒక్కటే గింజ. ఇంచుమించు ఒక్కటే పెంపకం."

"మా దగ్గరా అంతేనండి. వరహాలు ఊయల పక్క ఊయలలో పెరిగిన..." అని నేనూ ఆగిపోయాను. పెంపకం ఒకటే అన్నంత మాత్రాన మిగిలిందంతా గింజే అని నాకెవరు చెప్పారు? యంత్రం చెప్పింది. యంత్రానికి మా గట్టు మీద తేడాగా కనపడేది గింజ ఒక్కటే కదా!

మాడిన అంబలి మా మధ్య పొగలు కక్కుతోంది.

"అబ్బులన్నా," అంది నర్సవ్వ మెల్లగా. "మీ వంటింట్ల పొయ్యి ఎట్లుంటది?"

"పొయ్యేం ఉందండి, భూమిలోంచి వచ్చే ఆవిరి గొట్టం. ఏడాది పొడవునా ఒకటే మంట. గింజలే రోజుకో రకం వస్తాయి."

"అందుకే నువ్వు గింజను తిడ్తవ్. మాకు గింజ ఒక్కటే తీరుది, ఒక్కటే చేను. పొయ్యిలే ఇంటికొకటి."

"అందుకే మీరు పొయ్యిని తిడతారు."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. ఆమె నవ్వుతూ గోడకు ఆనుకుంది. నేను నేల మీదే కూలబడ్డాను. మల్లవ్వ పరుగెత్తుకొచ్చి, ఇద్దరు బోధకులకూ ఒకేసారి మతి పోయిందనుకుని నీళ్ళు చల్లింది.

నమోదు 7
అంబలి: అందరూ లోయ దగ్గరే ఉన్నారు, ఎవరూ తినలేదు.

ఇది ఆఖరి బోధ. గాలి మైకులో కూడా ఊళ పెడుతోంది. రెండు గట్ల పెద్దలూ, చాపలూ, చిరుతిళ్ళూ హాజరు. నేను గంగాళం ఎక్కాను. జనం "పుట్టుక! పుట్టుక!" అని అరుస్తున్నారు. అటు "పెంపకం! పెంపకం!"

"ప్రియులారా!" అన్నాను. "మన గట్టు మీద అందరికీ ఒకే ఊయల, ఒకే పాట, ఒకే గరిటె. అంతా పెంపకమే అయితే, వరహాలు లాంటి వాళ్ళు మనలో ఎందుకుండాలి?"

"పుట్టుక!" అన్నారు మా వాళ్ళు.

అటు నుంచి నర్సవ్వ అందుకుంది. "మా దిక్కు అందరికి ఒక్కటే గింజ, ఒక్కటే ముఖం. అంత పుట్టుకే అయితే, నా మల్లవ్వ అసొంటోళ్ళు మాల ఎందుకుండాలె?"

"పెంపకం!" అనబోయి వాళ్ళూ, "పుట్టుక!" అనబోయి వీళ్ళూ తడబడ్డారు.

"తల గుడ్డలు తియ్యండి!" అన్నాను. "మనసు వాటం అటున్నవాళ్ళు, ఇష్టముంటేనే, గాలిలో ఊపండి!"

మా వైపు వరహాలు గుడ్డ లేచింది, గ్రీజుతో నల్లగా. తరవాత ఒకటి, తరవాత రెండు, చివరకు మా పాటల గుంపులో మూడు గుడ్డలు ఒకేసారి లేచాయి. అటు చూశాను. అక్కడా లేచాయి! అక్కడొకటి, ఇక్కడొకటి, చెదురుమదురుగా. వందకు నలుగురో అయిదుగురో. ఇటు ఎన్నో అటూ ఇంచుమించు అన్నే! లోయకు ఇటూ అటూ రంగుగుడ్డలు రెపరెపలాడుతుంటే, మా పిల్లలు లెక్కపెడుతూ లెక్క తప్పి మళ్ళీ మొదలుపెడుతున్నారు.

"గింజ ఒకటే అయిన చోటా ఉన్నారు, పొయ్యి ఒకటే అయిన చోటా ఉన్నారు!" అని గొంతు చించుకున్నాను. "గింజ కొంత కావచ్చు, పొయ్యి కొంత కావచ్చు, మనకు పేరు తెలియనిది ఇంకా ఏదో కావచ్చు. మన యంత్రాలు అబద్ధం చెప్పలేదు. వాటి ముందు ఏ తేడా పెట్టామో దాన్నే చూపించాయి. ఇన్నాళ్ళూ ఈ గంగాళం మీద నిలబడి, అన్నీ తెలిసినట్టు అరిచినవాణ్ణి. ఇవాళ అంతకంటే గట్టిగా అరుస్తున్నాను. ఎందుకో నాకు తె-లి-య-దు!"

ప్రియులారా, ఆ మాట అనేసరికి నా ఒళ్ళు దూదిలా తేలిపోయింది! ఒక బోధకుడు బతుకంతా భయపడే మాట అది. అనేసినవాడికి మైకు చాలదు, లోయ చాలదు.

"నాకు సుత తెల్వదు!" అని నర్సవ్వ కేక. "మొన్న అంత నా పెంపకమే అన్న, అప్పుడు సుత తెల్వదు!"

పడమటి పెద్ద ఒకాయన మైకు లాక్కున్నాడు. అదే సొట్ట, ముసలి సొట్ట. "మరి ఒప్పందంల ఏం రాయాలె? తెలియదు అనేది ఒక జవాబా?"

"రెండు గట్లోళ్ళు ఒక్క మాట రాయాలన్నది ఒప్పందం," అంది నర్సవ్వ. "తెలిసిన మాటే రాయమన్లే."

జనం గొల్లుమన్నారు. నవ్వు లోయలో పడి తిరిగి పైకి వచ్చింది. ఆ నవ్వులోనే జోగారావు వచ్చి నా చొక్కా లాగాడు. "బోధకుడు గారూ, మరి నా సొరుగండీ? దాని మీద ఏం రాయాలి?"

నేను మైకులోనే చెప్పాను, రెండు గట్లూ వినేలా. "రేపు ఇంకో మంచి యంత్రం రావచ్చు. గింజ ఇంత, పొయ్యి ఇంత అని పిసరు తేడా లేకుండా తేల్చవచ్చు. తేల్చనివ్వండి, నేనే ముందు వెళ్ళి వింటాను. కాని ఆ లెక్క పట్టుకుని ఎవరూ సొరుగు చెయ్యకండి, ఎవరూ పీట వెయ్యకండి! పుట్టినవాళ్ళకు అంబలి పొయ్యండి, అంతే. వర్షకాండం చివరి అధ్యాయం: 'మొలచినదానిని చూచి వాన, నీవెందుకు మొలచితివని అడుగదు, కురియును!'"

ఇటూ అటూ పెద్దలు రెండు పలకల మీద ఒకే మాట రాశారు. తెలియదు.

జోగారావు నిజంగానే బాధపడ్డాడు. ఇత్తడి పిడి సొంతంగా సానపట్టాడట. వరహాలే ఆయనను ఓదార్చింది. "పిన్నుల ఊరగాయ జాడీలకు చోటు లేదండి మావయ్యా. అందులో పెట్టండి, శుభ్రంగా ఉంటుంది."

నమోదు 8

పెళ్ళి పడమటిగట్టున జరిగింది. గాలికి పందిరి నిలవదని తీగబండి షెడ్డులోనే చేశారు. వాళ్ళ ఆచారం ఒకటి ఉంది. అక్కడి ఆడవాళ్ళందరిదీ ఒకే ముఖం కదా, పెళ్ళికూతురు వయసు వాళ్ళంతా ఒకే రంగు బట్ట కట్టి, ఒకే పూలు పెట్టి వరసగా నిలబడతారు. పెళ్ళాడ వచ్చినవాళ్ళు తమ మనిషిని పోల్చుకోవాలి. తప్పితే అందరి కాళ్ళూ కడగాలి. వరసలో ఉన్నవాళ్ళు నోరు విప్పకూడదు, నవ్వకూడదు. నేను బెంచీ మీద నిలబడి చూశాను. అదే నవ్వు లేని నవ్వు, అదే సొట్ట, చిలక్కొయ్యలకు తగిలించినట్టు వరసగా. నా చెయ్యి పట్టి అడిగితే చచ్చినా చెప్పలేను.

వరహాలు వరస మొదట్లోంచి నడవలేదు. షెడ్డు గుమ్మంలోకి వచ్చి, అలా ఒకసారి చూసి, తిన్నగా చివరి నుంచి మూడో పిల్ల దగ్గరకు పోయి చెయ్యి పట్టుకుంది.

మల్లవ్వ!

షెడ్డు కప్పు లేచిపోయిందనుకున్నాను. గాలికి కాదు, కేకలకు.

"ఎట్ల పోల్చినవే పోరీ?" అంది నర్సవ్వ, బిడ్డను ఒక చేత్తో, వరహాలును ఇంకో చేత్తో గుండెకు అదుముకుంటూ.

వరహాలు మల్లవ్వ ముఖంలోకి చూసింది, తరవాత పక్కనున్న అదే ముఖాల్లోకి చూసింది, ఆ తరవాత నా వంక చూసి పకపకా నవ్వింది.

"తెలీదండి!"

ఎల్లవ్వను రెండోసారి దీవించాను, పెళ్ళికూతురనుకుని. ఆమె ఈసారి అడ్డు చెప్పలేదు.

వాళ్ళిద్దరూ ఈ గాలికాలం మా గట్టున, వచ్చే గాలికాలం వాళ్ళ గట్టున ఉంటారట. తీగబండి కట్టేసే ముందు ఆఖరి బండిలో మాతో ఇటు వచ్చారు. నర్సవ్వ కూడా వచ్చేసింది! "బిడ్డను సాగనంపనీకె వచ్చిన," అంది, కాని సంచిలో దుప్పటి, గ్రంథం, ఒక బస్తా పడమటి రాగులు ఉన్నాయి. గాలి తగ్గేదాకా నా వంటింట్లో మట్టికాండం వినిపిస్తుందట. మెల్లగా చదువుతుందట. వింటాను.

ఆ రాగులను మా ఆవిరి మీద పెట్టాం, పెళ్ళి అంబలికి. గంగాళం నిండా. కలుపుతూ ఆమె ఒక మాట, నేనొక మాట అనుకుంటూ, మంట సంగతి ఇద్దరం మరిచిపోయాం. లేక గింజ ఆ ఆవిరికి తట్టుకోలేదేమో. జనం పళ్ళాలు పట్టుకుని వరసకట్టారు. మా గట్టు వాళ్ళు గింజ బస్తా వైపు చూశారు. నర్సవ్వ గొట్టం వైపు చూసింది. జోగారావు ఊరగాయ సొరుగు లాక్కొచ్చాడు. బయట గాలికాలం మొదలైంది, లోపల మల్లవ్వ ముందు పళ్ళెం చాపింది.

సరే గోడా, రాసుకో.

అంబలి: అడుగంటింది. కారణం: తెలియదు. మిగిలింది: ఏమీ లేదు, గంగాళం గీకి మరీ తిన్నారు.